మారియో బావా ఉత్తమ చిత్రాలు: నా వరుస, ఆ వరుసకు కారణాలు

మీరు అడిగిన దానిలో మూడు ప్రశ్నలున్నాయి. ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన చిత్రాలను మేలైనవాటి నుంచి కిందికి పేర్చితే ఏది ముందుంటుందన్నది మొదటిది. ఆయన సినిమాల్లో బొమ్మ అద్భుతంగా ఉంటుంది గాని కథ ఉండదనే మాటలో నిజమెంతన్నది రెండవది. ఇంతవరకు ఏదీ చూడనివారు దేనితో మొదలుపెట్టాలన్నది మూడవది. రెండవదానికి జవాబు చెప్పకుండా మొదటిదానికి చెప్పడం కుదరదు. కథను కొలబద్దగా పెట్టుకుంటే ఈయన చిత్రాల వరుస ఒక విధంగా వస్తుంది, వెలుగునీడలను పెట్టుకుంటే అది దాదాపు తలకిందులవుతుంది. నా కొలబద్ద ఏమిటో ముందే చెబుతాను: తెర మీది వెలుగు, రంగు, కెమెరా కదలిక కథకు అలంకారంగా మిగిలిపోయిన చిత్రాన్ని నేను కిందికి జరుపుతాను, కథ చేయవలసిన పనిని అవే చేస్తున్న చిత్రాన్ని పైకి తెస్తాను.

ఈ కొలబద్ద ఎందుకో అర్థం కావాలంటే ఆయన ఎక్కడి నుంచి వచ్చారో కొంత తెలియాలి. బావా 1914లో సాన్‌రెమో పట్టణంలో పుట్టారు. తండ్రి యూజీనియో బావా శిల్పి, మూకీల కాలంలో ఛాయాగ్రాహకుడు, ట్రిక్ పనిలో ఆరితేరినవాడు. కొడుకు చిత్రలేఖనం నేర్చుకొని, కుంచెతో బతకడం కష్టమై, తండ్రి దారిలో కెమెరా పట్టుకున్నాడు. దర్శకుడిగా తన పేరుతో మొదటి కథాచిత్రం తీసేనాటికి ఆయన వయసు 46 ఏళ్లు, అప్పటికే ఛాయాగ్రాహకుడిగా రెండు దశాబ్దాల అనుభవం ఉంది. 1957లో విడుదలైన 'ఇ వాంపీరి' అనే చిత్రాన్ని దర్శకుడు రికార్డో ఫ్రెడా మధ్యలో వదిలి వెళ్లిపోతే, దాని ఛాయాగ్రాహకుడైన బావాయే పూర్తిచేశారు. అందులో ఒక అందగత్తె కెమెరా ఆగకుండానే, కోత లేకుండానే మన కళ్ల ముందు ముసలిదైపోతుంది. నలుపు తెలుపు ఫిల్ముకు రంగు తెలియదు. ముఖం మీద ఎర్రరంగుతో ముడతలు గీసి, దాని మీద ఎర్రని వెలుగు వేస్తే ఆ గీతలు చర్మంలో కలిసిపోతాయి. ఆ వెలుగును తగ్గిస్తూ ఆకుపచ్చ వెలుగును పెంచితే అవే గీతలు నల్లగా పైకి తేలతాయి. ఖర్చు దాదాపు ఏమీ లేదు, కావలసిందల్లా ఫిల్ము స్వభావం తెలిసిన మనిషి.

తెలుగు ప్రేక్షకుడికి ఈ విద్య కొత్త కాదు. ఇంచుమించు అదే కాలంలో మద్రాసు స్టూడియోల్లో మార్కస్ బార్ట్‌లే 'పాతాళ భైరవి'కి, 'మాయాబజార్'కు పనిచేశారు, 1961లో 'సీతారామ కల్యాణం'తో రవికాంత్ నగాయిచ్ వచ్చారు. తెరలో కొంత భాగాన్ని మూసి తీసి, అదే నెగటివ్‌ను వెనక్కి తిప్పి, మూసిన భాగాన్ని మళ్లీ తీయడం, అద్దం మీద బొమ్మ గీసి దాని వెనుక అసలు సెట్టును కలపడం వంటి కిటుకులు అక్కడా ఇక్కడా ఒకటే. తేడా వాటి వాడకంలో ఉంది. మన పౌరాణిక, జానపద చిత్రాల్లో మహిమను కథే కోరుతుంది, దానిని చూపడానికి ట్రిక్ వస్తుంది. బావా చిత్రాల్లో చాలాసార్లు కథ ఏ మహిమనూ కోరదు. సెట్టు లేదు, జనం లేరు, రోజులు లేవు, ఆ లేమిని కప్పడానికి ట్రిక్ వచ్చి, చివరికి చిత్రానికి ప్రాణమై కూర్చుంటుంది.

ఇక కథ ఉండదన్న మాట. అది సగం నిజం. ఆనాటి ఇటలీలో ఏదైనా ఒక తరహా చిత్రం ఆడితే, దాని వెంట అదే మూసలో డజన్ల కొద్దీ వచ్చేవి. కండలవీరుల పురాణ చిత్రాలు, ఆ తర్వాత కోటలూ సమాధుల భయానక చిత్రాలు, ఆ తర్వాత కౌబాయ్ చిత్రాలు అలా వచ్చినవే. వాటిని అమెరికాకు, జర్మనీకి, ఫ్రాన్సుకు అమ్ముకోవాలి కాబట్టి నాలుగు దేశాల నటులను పెట్టి, ఎవరి భాషలో వారిని మాట్లాడనిచ్చి, తర్వాత డబ్బింగ్ చెప్పించేవారు. విదేశీ చిత్రమనిపించడానికి దర్శకుడి పేరు కూడా మార్చేవారు, బావా పేరు కొన్నిచోట్ల జాన్ ఎం. ఓల్డ్ అని కనబడుతుంది. ఇటువంటి ఏర్పాటులో సంభాషణకు, పాత్ర లోతుకు చోటు తక్కువ. ఆ లోటు ఆయన చిత్రాల్లో ఉన్నదే, దానిని దాచనక్కరలేదు. అయితే కథ అంటే సంఘటనల వరుస మాత్రమే అనుకుంటేనే ఆ మాట పూర్తిగా నిజమవుతుంది.

నా వరుసలో మొదటిది 1966లో వచ్చిన 'ఒపెరాజియోనె పావురా'. ఇంగ్లీషులో దీనికి 'కిల్, బేబీ... కిల్!' అని చిత్రంతో ఏ సంబంధమూ లేని పేరు పెట్టారు. పేరు చూసి వెనుదిరిగినవారిని తప్పుపట్టలేను. కథ నాలుగు వాక్యాలది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఒక మారుమూల పల్లెకు శవపరీక్ష చేయడానికి ఒక వైద్యుడు వస్తాడు. ఊరి ఉత్సవంలో తాగినవారి తొక్కిడిలో చనిపోయిన మెలిస్సా అనే చిన్నపిల్ల ఊరిని పట్టి పీడిస్తున్నదని జనం నమ్మకం. ఆ పిల్ల ఎవరికి కనిపిస్తే వారు తమ చేతులతో తామే ప్రాణం తీసుకుంటారు. వైద్యుడు నమ్మడు, తర్వాత నమ్మక తప్పదు. డబ్బు మధ్యలోనే అయిపోయి, చివరి రోజుల్లో జీతాలు అందక కూడా పనివారు నిలిచి పూర్తిచేసిన చిత్రమిది.

దీనిని మొదట నిలపడానికి కారణం ఆ పిల్ల. తెల్లగౌను, పొడవాటి లేతరంగు జుట్టు, చేతిలో తెల్ల బంతి, అంతే ఆమె ఆహార్యం. ఆ పాత్ర వేసింది నిజానికి ఒక అబ్బాయి. ముఖంలో ఏదో పొసగని తనం మనకు తోస్తుంది, కారణం మాత్రం అందదు. అప్పటివరకు భయానక చిత్రాల్లో చెడుకు గుర్తు చీకటి, ముసలితనం, వికృతరూపం. ఇక్కడ తెలుపే భయపెడుతుంది. ముందు బంతి ఎగురుతూ వస్తుంది, తర్వాత నవ్వు వినిపిస్తుంది, మనిషి రాదు. కిటికీ అద్దానికి ఒక చిన్న అరచేయి ఆనుతుంది. రెండేళ్ల తర్వాత ఇటలీ దర్శకుడు ఫెడెరికో ఫెల్లీని ఒక సంకలన చిత్రంలోని తన భాగంలో సైతానును బంతి పట్టుకున్న తెల్లని పిల్లగా చూపించారు. ఆ ఊహ ఎక్కడిదో సినిమా తెలిసిన వారందరికీ తెలుసు.

ఇందులో రెండు చోట్ల కెమెరాయే కథకుడు. మొదటిది ఉయ్యాల. శ్మశానం మీదుగా కెమెరా ముందుకు వెనక్కి ఊగుతుంది, ఎందుకలా ఊగుతున్నదో మనకు తెలియదు, కాసేపటికి పిల్ల కాళ్లు తెరలోకి వస్తాయి, అప్పటిదాకా మనం చూసింది ఆ పిల్ల చూపని అర్థమవుతుంది. మనల్ని హంతకి కళ్ల వెనుక కూర్చోబెట్టిన తర్వాతే ఆ సంగతి చెబుతాడు దర్శకుడు. రెండవది పరుగు. వైద్యుడు కోటలో ఒక తలుపు తీసి గదిలోకి వెళతాడు, అవతలి తలుపు తీస్తే మళ్లీ అదే గది, ముందు ఎవరో పరుగెత్తుతున్నారు, ఇతడు వెంటపడతాడు, గది తర్వాత అదే గది, దూరం తగ్గుతూ వచ్చి, ముందున్నవాడి భుజం పట్టుకొని తిప్పితే అది తన ముఖమే. లెక్కకు ఇది ఒకే గది, ఒకే నటుడు, కూర్పులో చేసిన పని. కాని తర్కాన్ని నమ్ముకొని వచ్చిన వైద్యుడి పరాజయం అక్కడ ఒక్క మాట లేకుండా పూర్తయిపోతుంది. సంభాషణల రచయిత మూడు పుటల్లో చెప్పవలసింది తలుపులు చెప్పాయి. కథ లేదన్నవారికి నేను ఈ దృశ్యాన్నే చూపిస్తాను.

రెండవ స్థానం 1960 నాటి 'లా మాస్కెరా దెల్ దెమోనియో'ది. ప్రపంచానికి ఇది 'బ్లాక్ సండే'గా తెలుసు. చాలామంది దీనినే మొదట పెడతారు, ఆ నిర్ణయంతో పెద్దగా తగవు పడను. రష్యన్ రచయిత గొగోల్ కథ ఒకటి దీనికి దూరపు మూలం. 17వ శతాబ్దంలో మంత్రగత్తెగా శిక్షకు గురైన ఆసా అనే రాకుమారి రెండు శతాబ్దాల తర్వాత లేచి, తన వంశంలోని కాత్యా ప్రాణాన్ని తీసుకొని మళ్లీ యవ్వనం పొందాలనుకుంటుంది. రెండు పాత్రలూ బ్రిటిష్ నటి బార్బరా స్టీల్ వేసింది. మొదటి నిమిషాల్లోనే లోపలివైపు ఇనుపమేకులున్న ముసుగును ఆమె ముఖానికి పెట్టి సుత్తితో కొడతారు. దెబ్బ పడకముందు ఆ మేకులు నేరుగా కెమెరా మీదికి, అంటే మన కళ్ల మీదికి వస్తాయి. బ్రిటన్‌లో సెన్సారు 1968 వరకు దీనికి అనుమతి ఇవ్వలేదు.

రక్తం కంటే ఇక్కడ గమనించవలసింది నలుపులోని ఛాయల తేడాలు. ఛాయాగ్రహణం బావాదే. నలుపు తెలుపు చిత్రంలో చీకటిని చీకటిగా వదిలేయడం సులువు, కాని ఆయన పొగ, చెట్టుకొమ్మలు, సాలెగూళ్లు, రాతి గోడల తడి వీటితో చీకటికి అయిదారు మందాలు కల్పించారు. పొగమంచులో గుర్రపుబండి నెమ్మదించిన వేగంతో, చప్పుడు లేకుండా వచ్చే దృశ్యం చూడండి. చక్రాలు నేలను తాకుతున్నట్టు ఉండదు. అలాగే కాత్యా మొదటిసారి శిథిలాల గుమ్మంలో రెండు నల్లకుక్కలను పట్టుకొని నిలబడినప్పుడు, అప్పుడే శవపేటికలో చూసి వచ్చిన ముఖం బతికి ఎదురైందన్న కంగారు, ఆ దారిన వెళుతూ ఆసా సమాధిని చూసిన ఇద్దరు వైద్యుల కంటే ముందు మనకు కలుగుతుంది. ఇంత చేసినా దీనిని రెండవ స్థానంలో ఎందుకు పెట్టానంటే, ఇందులో ప్రేమకథ ఒకటి ఉంది. యువ వైద్యుడూ కాత్యా మాట్లాడుకునే ప్రతిసారీ చిత్రం కూర్చొని ఆయాసం తీర్చుకుంటుంది. 'ఒపెరాజియోనె పావురా'లో అటువంటి విరామాలు చాలా తక్కువ.

మూడవది 1964లోని 'సెయ్ దొన్నె పెర్ లసాస్సీనో', ఇంగ్లీషులో 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్'. రోమ్‌లో ఖరీదైన దుస్తులు తయారుచేసే ఒక ఫ్యాషన్ సంస్థలో మోడల్ అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు హత్యకు గురవుతారు. హంతకుడికి ముఖం లేదు, తెల్లని గుడ్డ కప్పిన తల, టోపీ, నల్లకోటు మాత్రమే ఉంటాయి. ఆనాటి అపరాధ పరిశోధన చిత్రాల్లో చంపిందెవరన్నది ప్రధానం, చంపడం నాలుగు క్షణాల పని. బావా ఆ లెక్కను తిరగవేశారు. దర్యాప్తు పైపైన నడుస్తుంది, హత్య జరిగే చోటే చిత్రం నిలబడి చూస్తుంది. 1970లో ఇటలీ దర్శకుడు దారియో ఆర్జెంటో తొలి చిత్రం విజయవంతమైన తర్వాత అక్కడ వెల్లువెత్తిన 'జాల్లో' అనే నెత్తుటి హత్యా రహస్య చిత్రాల తరహాకు రూపురేఖలన్నీ ఇక్కడే దొరుకుతాయి.

పురాతన వస్తువుల దుకాణంలోని హత్యాదృశ్యం ఒక్కటి చాలు ఈ చిత్రానికి ఈ స్థానం ఇవ్వడానికి. బయట నియాన్ దీపం వెలిగి ఆరుతున్నదన్న నెపంతో ఆకుపచ్చ, ఊదా వెలుగులు మారిమారి లోపలికి పడతాయి. ఆ నెపం మొదటి అరనిమిషానికే. ఆ తర్వాత దీపాలు ఎక్కడ ఉన్నాయో, ఈ రంగులు ఎందుకు మారుతున్నాయో ఎవరూ అడగరు. వెలుగుకు ఆధారం చూపాలన్నది ఛాయాగ్రహణంలో మాకు మొదటి పాఠంగా నేర్పిన సూత్రం. దానిని ఈయన తెలిసే ఉల్లంఘించారు, ఉల్లంఘించడంలో ఒక పద్ధతి పాటించారు. మనిషి భద్రంగా ఉన్నంతసేపు వెలుగుకు కారణం ఉంటుంది, ప్రమాదంలో పడగానే కారణం పోతుంది. ఈ సంగతి తెలిసిన తర్వాత చిత్రాన్ని మరొకసారి చూస్తే ప్రతి గదిలోనూ దీపాల వైపే కళ్లు వెళతాయి. కెమెరాను జారుగా కదిలించడానికి ట్రాలీ సామగ్రి లేక పిల్లల ఆటబండి మీద పెట్టి లాగారు. తెర మీద ఆ పేదరికం ఎక్కడా కనబడదు. లోపం చెప్పాలంటే, ఈ అమ్మాయిలలో ఏ ఒక్కరి గురించీ మనకు ఏమీ తెలియదు. పేర్లు పడేటప్పుడు నటీనటులను బొమ్మల పక్కన బొమ్మల్లాగే నిలబెట్టి చూపిస్తాడు, చిత్రమంతా వారిని అలాగే చూస్తాడు. అది ఈ లోకం మీద వ్యాఖ్య అని సమర్థించేవారున్నారు. నాకు సగమే ఒప్పుదల.

నాలుగవది 1963 నాటి 'ఇ త్రె వోల్తి దెల్లా పావురా', అంటే 'బ్లాక్ సబ్బత్'. బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు తమ రాక్ బృందానికి పెట్టుకున్న పేరు దీనిదే. ఇది మూడు కథల సంకలనం. టెలిఫోన్ కథ సాధారణం, ఒకే గదిలో ఒకే స్త్రీ చుట్టూ బిగువుగా సాగుతుందని చెప్పి వదిలేయవచ్చు. అలెక్సీ టాల్‌స్టాయ్ కథ ఆధారంగా తీసిన 'వుర్దలాక్' బాగుంటుంది. రక్తం తాగే జీవిగా మారిన ఇంటిపెద్ద తాను ఎక్కువగా ప్రేమించినవారినే వెతుక్కుంటూ వస్తాడు. చచ్చిపోయిన పసివాడు రాత్రి తలుపు బయట నిలబడి చలేస్తోందని తల్లిని పిలిచే చోట ఆ ఇంటిపెద్ద వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ వంటి ఉద్దండుడు కూడా తెర మీద అక్కరలేకపోయింది.

అసలు సంగతి 'నీటిబొట్టు' కథ. చనిపోయిన వృద్ధురాలికి బట్టలు మార్చడానికి పిలిపించిన నర్సు ఆమె వేలి ఉంగరం దొంగిలిస్తుంది. ఇంటికి వచ్చాక నీటిబొట్లు పడే చప్పుడు, ఒక ఈగ, ఆగి ఆగి వెలిగే వెలుగు ఆమెను వదలవు. ఇరవై నిమిషాలకు మించని కథ, సంభాషణ లేనట్టే. శవం ముఖం మైనంతో చేసిన బొమ్మ, దానిని మలిచింది దర్శకుడి తండ్రి, ముసలి యూజీనియో. బొమ్మ అని తెలిసిపోతుంది, తెలిసినా భయం తగ్గదు. ఆ ముఖం నడవదు, జారుతుంది. ఆకుపచ్చ వెలుగు ఆరినప్పుడు ఒకచోట, వెలిగినప్పుడు మరోచోట ఉంటుంది. నేను ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనల్లో ఎన్నిసార్లు వేసినా, నవ్వుకుందామని వచ్చిన కుర్రాళ్లు ఈ కథ దగ్గర మౌనం వహించడం చూశాను. ఒక్క ఈ భాగాన్నే లెక్కిస్తే మొదటి స్థానం దీనిదే అయ్యేది, కాని సంకలనాన్ని మొత్తంగా తూచాలి కదా.

చిత్రం చివర గుర్రం మీద దౌడు తీస్తున్న కార్లాఫ్ మనతో మాట్లాడుతుండగా కెమెరా వెనక్కి జరుగుతుంది. అది చెక్కగుర్రం, చుట్టూ పనివారు చెట్టుకొమ్మలు పట్టుకొని గుండ్రంగా పరుగెత్తుతున్నారు, అడవి వెనక్కి పోతున్న భ్రమ అలా కలిగించారన్నమాట. తన విద్యను తానే విప్పి చూపి నవ్వే ఈ ముగింపు అమెరికన్ పంపిణీదారులకు నచ్చలేదు. వారు దానిని తీసేశారు, కథల క్రమం మార్చారు, సంగీతం మార్చారు, టెలిఫోన్ కథను దయ్యం కథగా తిప్పేశారు. అందుకే ఈ చిత్రం చూసేవారు ఇటాలియన్ ప్రతినే చూడాలి.

అయిదవ స్థానంలో 1971 నాటి 'ఎ బే ఆఫ్ బ్లడ్'ను పెట్టడం చాలామందికి రుచించదు. సముద్రపు పాయ ఒడ్డున ఒక ఆస్తి, దాని కోసం 13 హత్యలు. మొదటి దృశ్యంలో చక్రాల కుర్చీలోని ముసలి దొరసానిని ఒకడు ఉరితీస్తాడు, అతడి ముఖం మనకు కనబడుతుంది, ఓహో హంతకుడు ఇతడా అనుకునేలోపు అతణ్ణి మరొకడు పొడుస్తాడు. చంపిందెవరు అనే ప్రశ్న మూడు నిమిషాల్లో చచ్చిపోతుంది, ఇక మిగిలింది చంపనివారెవరు అనే ప్రశ్నే. హత్యల కృత్రిమ పరికరాలు కార్లో రాంబాల్దివి, ఆయన తర్వాత హాలీవుడ్‌లో ఆస్కార్లు అందుకున్నారు. 1981లో వచ్చిన అమెరికన్ భయానక చిత్రం 'ఫ్రైడే ద థర్టీన్త్' రెండవ భాగంలో రెండు హత్యలు వీటికి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. అయితే ఆ అనుకరణల్లో లేనిది ప్రకృతి. ప్రతి హత్య తర్వాత కెమెరా నీటి మీదికి, సాయంకాలపు ఎండలోకి, ఆకుల్లోకి పోతుంది. జూమ్ వాడకం మాత్రం అతిగా ఉంది. డెబ్బైల ఇటలీలో అది అంటురోగం వంటిది, ఈయన్నీ సోకింది.

ఆరవది 'లీసా అండ్ ద డెవిల్', 1973. అంతకుముందు తీసిన 'బారన్ బ్లడ్' డబ్బు తెచ్చిపెట్టినందుకు నిర్మాత ఈసారి బావాకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాడు. ఆ స్వేచ్ఛతో ఆయన తీసింది మెలకువకూ కలకూ గీత లేని చిత్రం. స్పెయిన్‌లోని టొలీడో సందుల్లో తోటివారి నుంచి తప్పిపోయిన పర్యాటకురాలికి, గోడ మీది సైతాను చిత్రాన్ని పోలిన మనిషి మళ్లీ మళ్లీ ఎదురవుతాడు. ఆ పాత్రలో టెలీ సవాలాస్ లాలీపాప్ చప్పరిస్తూ, మనుషులనూ మనిషి ఆకారపు బొమ్మలనూ ఒకే తీరులో భుజాన మోస్తూ తిరుగుతాడు. కొనేవారు దొరకలేదు. అప్పటికి సైతాను పట్టిన అమ్మాయి కథ 'ద ఎక్సార్సిస్ట్' అమెరికాలో ప్రభంజనం సృష్టించింది కాబట్టి, నిర్మాత దీనికి ఒక పూజారిని, వాంతులను జోడించి కొత్త దృశ్యాలు తీయించి, 1975లో 'ద హౌస్ ఆఫ్ ఎక్సార్సిజం' అని విడుదల చేశాడు. ఆ రెండవదాన్ని చూసి బావా గురించి తీర్పు చెప్పవద్దు. అసలు ప్రతి కూడా అందరికీ కాదు. చిత్రం నడక మందం, సగంలో దారి తప్పుతుంది, కాని చివరి అరగంటలోని కుళ్లిన విందు, ఎండిన పూలు, మంచం మీది అస్థిపంజరం చూశాక ఆ నడకను క్షమిస్తాను.

తర్వాతి మూడింటిని క్లుప్తంగా చెబుతాను. ఏడవది 'డయాబోలిక్', 1968. జుస్సాని సోదరీమణుల కామిక్ పుస్తకాల దొంగ వీరుడి కథ, నిర్మాత డీనో డి లారెంటిస్. ఈసారి డబ్బు సమృద్ధిగా ఉంది. బావా మాత్రం అలవాటు మానలేదు, సుమారు 4 లక్షల డాలర్లతోనే ముగించి మిగతాది వెనక్కి ఇచ్చారని చెబుతారు. నేల అడుగున దొంగ స్థావరంలో చాలా భాగం కట్టింది కాదు, అద్దం మీద గీసింది. చూడడానికి పండుగ, ఎన్నియో మోరికోనే సంగీతం అదనం, కాని ఇక్కడ రంగు అలంకారమే కాబట్టి నా కొలబద్ద ప్రకారం ఇంతకంటే పైకి రాదు. ఎనిమిదవది 'ప్లానెట్ ఆఫ్ ద వాంపైర్స్', 1965. కొద్దిపాటి కృత్రిమ శిలలు, ఒక పొగయంత్రం, దీపాలకు అడ్డుపెట్టే రంగు జెలటిన్ రేకులు, కొన్ని అద్దాలు పెట్టుకొని ఒక గ్రహాన్నే సృష్టించారు. శిథిల నౌకలో దొరికే రాక్షస అస్థిపంజరాలను చూసినవారికి 1979 నాటి 'ఏలియన్' గుర్తుకు రాక మానదు. నటుల మాటలు వినకుండా చూస్తే ఇది ఇంకా బాగుంటుంది. తొమ్మిదవది 'ద విప్ అండ్ ద బాడీ', 1963. నటులు క్రిస్టఫర్ లీ, దలియా లావీ, సముద్రపు ఒడ్డు కోట, కొరడా. చీకటిలోంచి ఒక చేయి నీలి వెలుగులోకి, ఆపై ఎర్ర వెలుగులోకి వచ్చే తీరు నేర్చుకోదగింది. కథనం మాత్రం ఒకే మెట్టు మీద తిరుగుతుంది.

పదవ స్థానాన్ని ఖాళీగా ఉంచి, 'రాబిడ్ డాగ్స్' గురించి విడిగా చెప్పాలి. 1974లో తీసిన ఈ చిత్రం నిర్మాణ సంస్థ దివాలా తీయడంతో ఆగిపోయి, బావా కన్నుమూసిన ఎన్నో ఏళ్లకు, 1990ల్లో గాని జనం ముందుకు రాలేదు. దోపిడి చేసిన దొంగలు, బందీలు, ఒక కారు, మండుటెండ, దాదాపు అంతే. పొగ లేదు, రంగు వెలుగు లేదు, కోట లేదు. ఆయన ముద్ర అని మనం గుర్తుపట్టేవేవీ లేకుండా, కారు లోపలి ముఖాలతోనే ఊపిరాడనివ్వడు. దీనిని పై వరుసలో ఎక్కడ పెట్టినా కొలబద్ద వంగుతుంది. ఆయన కేవలం దీపాల మాంత్రికుడని అనేవారికి ఇదొక గట్టి జవాబు. 'హెర్క్యులిస్ ఇన్ ద హాంటెడ్ వరల్డ్', 'ద గర్ల్ హూ న్యూ టూ మచ్', 'బారన్ బ్లడ్', 'ఫైవ్ డాల్స్ ఫర్ యాన్ ఆగస్ట్ మూన్' ఆయనను ఇష్టపడిన తర్వాత చూడవలసినవి. చివరి చిత్రం 'షాక్', 1977, కొడుకు లాంబెర్టో సాయంతో తీసినది. అందులో ఒక్క షాట్ కోసమైనా చూడాలి. నడవాలో పిల్లవాడు తల్లి వైపు పరుగెత్తుకొస్తాడు, తెర అంచు కిందికి వంగుతాడు, ఆ చోటి నుంచి పైకి లేచేది చనిపోయిన భర్త. కోత లేదు, ఇద్దరు మనుషులు సరైన క్షణంలో వంగడం లేవడం మాత్రమే ఉంది. 1980లో ఆయన మరణించారు, అదే సంవత్సరం విడుదలైన ఆర్జెంటో చిత్రం 'ఇన్ఫెర్నో' ట్రిక్ దృశ్యాల్లో ఆయన చేయి ఉంది.

చూసే క్రమం ఈ వరుస కాదు. 'ఒపెరాజియోనె పావురా'తో మొదలుపెడితే, అది దేనిని దాటి వచ్చిందో తెలియక మామూలు దయ్యం సినిమా అనిపించవచ్చు. 'బ్లాక్ సబ్బత్' ఇటాలియన్ ప్రతితో మొదలుపెట్టండి. మూడు కథలు కాబట్టి ఓపిక తక్కువ అడుగుతుంది, మీకు ఈయన పడతాడో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. తర్వాత 'బ్లాక్ సండే', ఆపై 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్', నాలుగవదిగా 'ఒపెరాజియోనె పావురా'. రక్తపాతం భరించగలిగితే 'ఎ బే ఆఫ్ బ్లడ్', అన్నిటికంటే చివర 'లీసా అండ్ ద డెవిల్'. పాత వీడియో టేపుల నుంచి ఎక్కించిన మసక ప్రతులు ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి, వాటిలో ఆకుపచ్చ అంతా బూడిదరంగులో ఉంటుంది. పునరుద్ధరించిన డిస్కులు ఈ ప్రధాన చిత్రాలన్నిటికీ వచ్చాయి, అవి దొరికేదాకా ఆగడం మేలు. టీవీలో రంగులను కొట్టొచ్చేలా పెంచే సెట్టింగును, కదలికను నునుపుచేసే సెట్టింగును రెండింటినీ తీసివేసి, గదిలో దీపం ఆర్పి చూడండి. నీడలోని వివరం కనబడటం లేదని వెలుగు పెంచవద్దు, అక్కడ వివరం లేకుండా ఉంచాలన్నదే ఆయన ఉద్దేశం.